వేగం నిలకడగా ఉన్నప్పుడే మిస్సింగ్ కొడుతున్న 1970 ఎంజీబీ: లోపం పెట్రోలులోనా, కరెంటులోనా?

వాంటేజ్ డాక్టర్ (ఆదివారం రాత్రి)

సభ్యులందరికీ నమస్కారం. నా సొంత ఊరు తెనాలి. ఇరవై రెండేళ్లుగా ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని వాంటేజ్‌లో ఉంటున్నాను. నా దగ్గర 1970 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తీసేయగల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది. మా ఇంటికి పది మైళ్ల దూరంలో ఉన్న అబింగ్డన్ ఫ్యాక్టరీలోనే ఈ బండి తయారైంది. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది గానీ, ఆ ఊరి మీదుగా ఈ బండిలో వెళ్లిన ప్రతిసారీ పుట్టింటికి తీసుకెళ్తున్నట్టే ఉంటుంది నాకు. 1798 సీసీ ఇంజన్, పెట్రోలును గాలితో కలిపే ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బురేటర్లు రెండు, ప్లగ్గులకు కరెంటు పంచే లూకాస్ 25డి4 డిస్ట్రిబ్యూటర్. డిస్ట్రిబ్యూటర్ లోపల కరెంటును కలిపి తెంచే పాయింట్లు, వాటి మధ్య రవ్వలు రేగకుండా చూసే కండెన్సర్ పాత పద్ధతిలోనే ఉంచాను. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టలేదు.

సమస్య ఇది. ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది, ఐడిలింగ్ చక్కగా ఉంటుంది. ఇంటి నుంచి బయలుదేరిన ఇరవై నిమిషాల వరకు ఏ ఇబ్బందీ ఉండదు. ఆ తరువాత ఏ34 హైవే ఎక్కి 60 మైళ్ల వేగంలో నిలకడగా వెళ్తున్నప్పుడు మొదట ఒక జర్క్ వస్తుంది, కొద్దిసేపటికి మరొకటి, ఆ పైన వరుసగా మిస్సింగ్ (ఇంజన్‌లో మంట తప్పడం) మొదలై సైలెన్సర్‌లో పటపట శబ్దాలు వస్తాయి. పక్కకు తీసి ఆపి బానెట్ ఎత్తితే అంతా మామూలుగానే కనిపిస్తుంది, ఇంజన్ నింపాదిగా తిరుగుతూ ఉంటుంది. పది నిమిషాలు ఆగి బయలుదేరితే నాలుగైదు మైళ్లు బాగా వెళ్లి మళ్లీ అదే కథ.

ఇప్పటికే ప్లగ్గులు, స్పార్క్‌కు కావలసిన హెచ్చు వోల్టేజీ ఇచ్చే కాయిల్, పెట్రోల్ ఫిల్టర్ కొత్తవి వేశాను. దగ్గర్లోని ఒక గ్యారేజీలో కార్బురేటర్లు రెండూ విప్పించి ట్యూనింగ్ చేయించాను. డబ్బు ఖర్చయింది తప్ప ఫలితం లేదు. ఇంకో వస్తువు కొనే ముందు మీ అందరి సలహా తీసుకోవాలని ఇక్కడ రాస్తున్నాను.

ఎస్‌యూ సేవకుడు (ఆదివారం రాత్రి)

డాక్టరు గారూ, మీరు చెప్పిన లక్షణాలన్నీ పెట్రోలు చాలడం లేదనే చెబుతున్నాయి. నిలకడగా వేగంగా వెళ్తున్నప్పుడు కార్బురేటర్లలో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గదుల్లోకి వచ్చేదానికంటే ఖర్చయ్యేది ఎక్కువైతే మట్టం క్రమంగా పడిపోతుంది, మిస్సింగ్ మొదలవుతుంది. మీరు పది నిమిషాలు ఆగినప్పుడు గదులు మళ్లీ నిండుతాయి, బండి కొన్ని మైళ్లు వెళ్తుంది. లెక్క సరిపోతోంది.

ముందుగా ట్యాంకు మూత సంగతి చూడండి. గాలి లోపలికి వెళ్లే దారి మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి, పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు. మిస్సింగ్ మొదలవగానే సురక్షితమైన చోట ఆగి మూత వదులు చేయండి. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు పెద్దగా వినిపించి, వెంటనే ఇంజన్ కుదుటపడితే లోపం దొరికినట్టే. తరువాత ఎలక్ట్రిక్ పంపు. కార్బురేటర్ దగ్గర పైపు తీసి ఒక కొలత సీసాలో పెట్టి, తాళం తిప్పి పంపును నడపండి. అర నిమిషంలో అర లీటరుకు పైగా, బుడగలు లేకుండా రావాలి. ఈ పరీక్ష బయట గాలి ఆడే చోట, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, అగ్నిమాపక సిలిండర్ పక్కన పెట్టుకుని మాత్రమే చేయండి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు కాబట్టి పాత రబ్బరు పైపులు లోపల ఉబ్బి, పొరలు ఊడి దారికి అడ్డుపడే అవకాశమూ ఉంది.

ఇంకొక్క మాట. మిస్సింగ్ మొదలైనప్పుడు చోక్ (పెట్రోలు పాలు పెంచే మీట) కొద్దిగా లాగి చూడండి. పెట్రోలు తక్కువైతే చోక్ లాగగానే కాసేపైనా తేడా తెలుస్తుంది.

హైదరాబాద్ హెరాల్డ్ (సోమవారం)

నా దగ్గర స్టాండర్డ్ హెరాల్డ్ (మన దేశంలో తయారైన పాత కారు) ఉంది. అది స్పోర్ట్స్ కారు కాదు గానీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారుకు పునాది ఆ హెరాల్డే కాబట్టి ఈ చర్చలో చోటిస్తారని ఆశిస్తున్నాను. మాకూ ఎండాకాలంలో ఇదే బాధ. ఇక్కడ బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే దొరుకుతోంది. వేడెక్కే మేనిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టాలు) పక్క నుంచి వెళ్లే పైపులో పెట్రోలు వేడికి ఆవిరై పంపును స్తంభింపజేస్తుందని మా మెకానిక్ అంటాడు. డాక్టరు గారి బండికీ అదే కారణం కావచ్చునా?

ఎస్‌యూ సేవకుడు (సోమవారం)

ఎంజీబీలో పంపు ఇంజన్ దగ్గర ఉండదండీ, బండి వెనుక భాగంలో బ్యాటరీల పక్కన ఉంటుంది. అక్కడి నుంచి పెట్రోలును ముందుకు నెడుతుంది. మీ హెరాల్డ్‌లో పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి మీకు ఆవిరి సమస్య ఎక్కువ. పైగా ఇంగ్లండులో ఏప్రిల్ నెల చలిలో హైవే గాలి తగులుతున్న ఇంజన్‌లో పెట్రోలు మరగడం కష్టం.

వాంటేజ్ డాక్టర్ (గురువారం)

చెప్పినవన్నీ శ్రద్ధగా చేశాను. పంపు అర నిమిషంలో ఆరు వందల మిల్లీలీటర్లు ఇచ్చింది, ఒక్క బుడగ కూడా లేదు. రబ్బరు పైపులు మూడూ ఇథనాల్‌కు తట్టుకునే రకానివి కొత్తవి వేశాను. పాతవి కోసి చూస్తే లోపల శుభ్రంగానే ఉన్నాయి. నిన్న సాయంత్రం ట్యాంకు మూత వదులుగా ఉంచే హైవే ఎక్కాను. సరిగ్గా అదే చోట మిస్సింగ్ వచ్చింది. చోక్ లాగాను, రవ్వంత తేడా కూడా లేదు. కండెన్సర్ కూడా మార్చాను. ఇప్పుడు ఏం చేయాలో తోచడం లేదు.

రాగితీగ (గురువారం రాత్రి)

డాక్టరు గారూ, నేను బర్మింగ్‌హామ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను, మా ఇంట్లో 1968 నాటి ఎంజీబీ జీటీ ఉంది. కొత్త భాగాలు వేయడం దయచేసి ఇక్కడితో ఆపండి. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది దేన్ని బాగుచేసిందో, ఏది కొత్త లోపాన్ని తెచ్చిందో తెలియకుండా పోతుంది. ఈ రోజుల్లో వచ్చే కండెన్సర్లలో, రోటర్లలో (డిస్ట్రిబ్యూటర్‌లో తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకు కరెంటు అందించే ముక్క) పెట్టెలోంచి తీసినప్పుడే పనికిరానివి కొన్ని ఉంటున్నాయి కాబట్టి మీ పాత కండెన్సర్‌ను పారేయకండి.

ముందు మూడు సంగతులు చెప్పండి. మిస్సింగ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం మీటరు సూది ఏం చేస్తోంది? ఎంజీబీలో 60 మైళ్ల వేగానికి, ఓవర్‌డ్రైవ్ (ఇంజన్ వేగం తగ్గించే అదనపు గేరు) లేకుండా టాప్ గేరులో ఇంజన్ 3,300 పైచిలుకు తిరుగుతుంది. బండి గేరులో ఉండి చక్రాలు తిరుగుతున్నంత సేపు ఇంజన్ వేగం ఒక్క క్షణంలో వెయ్యికి పడిపోవడం అసాధ్యం. కానీ మీ బండిలో ఆ మీటరును నడిపేది ఇంజన్‌కు తగిలించిన కేబుల్ కాదు, కాయిల్‌కు వెళ్లే కరెంటు తునకలను లెక్కపెట్టే సర్క్యూట్. ఆ కరెంటు తెగితే ఇంజన్ తిరుగుతూనే ఉన్నా సూది మాత్రం కూలిపోతుంది. అలా కాక సూది నిలకడగా ఉండి ఇంజన్ మాత్రమే తడబడితే లోపం పెట్రోలులో గానీ, కాయిల్ నుంచి ప్లగ్గుల వరకు ఉన్న హై టెన్షన్ వైపు గానీ ఉంటుంది.

రెండవది, మిస్సింగ్ మధ్యలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఏమవుతోంది? పెట్రోలు చాలకపోతే పరిస్థితి ఇంకా దిగజారాలి. మూడవది, ఆ మొదటి ఇరవై నిమిషాలు మీరు ఏ దారిలో, ఎలా నడుపుతున్నారు?

వాంటేజ్ డాక్టర్ (శనివారం మధ్యాహ్నం)

రాగితీగ గారూ, మీ మూడో ప్రశ్న చదివాక చాలాసేపు ఆలోచనలో పడ్డాను. ఆ ఇరవై నిమిషాలూ నేను ఊళ్ల మధ్య ఇరుకు రోడ్లలో వెళ్తాను. మలుపులు, 30 మైళ్ల హద్దులు, ఎదురుగా వచ్చే ట్రాక్టర్లు. యాక్సిలరేటర్ మీద కాలు రెండు నిమిషాలు ఒకే తీరున నిలవదు. అంటే ఇరవై నిమిషాల తరువాత మారేది ఇంజన్ వేడి ఒక్కటే కాదు, నడిపే పద్ధతి కూడా మారుతోంది. ఈ సంగతి నాకు ఇంతవరకు తట్టలేదు. ఇంకా జాగ్రత్తగా గుర్తు చేసుకుంటే ఆ ఇరుకు రోడ్లలోనూ ఒకటి రెండుసార్లు చిన్న కుదుపు వచ్చింది. క్లచ్ సరిగా వదల్లేదేమోనని అప్పట్లో సరిపెట్టుకున్నాను.

ఈ రోజు ఉదయం నా భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ మీటరును మాత్రమే చూస్తూ ఉండమని చెప్పి ఏ34 ఎక్కాను. మిస్సింగ్ వచ్చిన ప్రతిసారీ సూది సున్నా వైపు పడి మళ్లీ లేచిందట. ఒకసారి పూర్తిగా కింద ఆనిందని కూడా చెప్పింది. దారి ఖాళీగా ఉన్నప్పుడు యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కాను. మిస్సింగ్ ఒక్కసారిగా మాయమై బండి శుభ్రంగా ముందుకు దూకింది. కాలు తేలిక చేయగానే మళ్లీ వచ్చింది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అంతే.

ఎస్‌యూ సేవకుడు (శనివారం)

ఒక అభ్యంతరం చెప్పవలసి ఉంది. ఎస్‌యూ కార్బురేటర్‌లో యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే, డాష్‌పాట్ అనే పై గదిలోని నూనె, కార్బురేటర్‌లో గాలి దారిని తెరిచే పిస్టన్ లేవడాన్ని ఆలస్యం చేసి క్షణకాలం మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది, అంటే పెట్రోలు పాలు పెంచుతుంది. కాబట్టి మిశ్రమం పలచగా ఉన్న ఇంజన్ కూడా అలాగే కుదుటపడుతుంది. ఈ ఒక్క గుర్తుతో పెట్రోలు వైపు తలుపు మూసేయకండి.

రాగితీగ (శనివారం)

మీ మాట నిజమే, ఆ గుర్తు ఒక్కటే ఉంటే నేనూ తేల్చి చెప్పేదాన్ని కాను. కానీ డాష్‌పాట్ చేసే మేలు క్షణకాలమే. డాక్టరు గారు తొక్కి ఉంచినంతసేపూ ఇంజన్ బాగుంది. పైగా మిశ్రమం ఎంత పలచబడినా పాయింట్లు తెరుచుకుని మూసుకోవడం ఆగదు, కాబట్టి సూది పడదు. సూది పడిందంటే ఇగ్నిషన్ స్విచ్ నుంచి కాయిల్ మీదుగా పాయింట్ల ఎర్త్ (కరెంటు తిరిగి వెళ్లే లోహపు ఒళ్లు) వరకు ఉన్న దారిలో ఎక్కడో కరెంటు తెగుతోంది. కాలు తేలిక చేస్తేనే అది ఎందుకు తెగుతోందన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

బెజవాడ ఆటోనగర్ (ఆదివారం ఉదయం)

డాక్టరు గారికి, రాగితీగ అమ్మకు నమస్కారం. నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఎనిమిదేళ్లు పెట్రోలు బళ్లు బాగుచేసి ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నాను. ఎంజీబీని నా చేత్తో ముట్టుకోలేదు. అయితే మన అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజనూ, ఆ బండిలో ఉన్నదీ ఒకే బి-సిరీస్ కుటుంబానివి కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను. వయసు వల్ల టైపు చేయడం కష్టమై మా మనవడితో రాయిస్తున్నాను.

ఆ మిగిలిన ప్రశ్నకు జవాబు డిస్ట్రిబ్యూటర్‌కు పక్కన అతికించినట్టుండే వాక్యూమ్ డబ్బాలో ఉంది. ఇంజన్ మీద బరువు తక్కువగా ఉండి కాలు తేలిగ్గా ఉన్నప్పుడు సిలిండర్లలోకి వెళ్లే మిశ్రమం తక్కువ, అది నిదానంగా కాలుతుంది. కాబట్టి స్పార్క్ కాస్త ముందే పడాలి. ఆ పని కోసం కార్బురేటర్ నుంచి ఒక సన్నని పైపు ఈ డబ్బాకు వస్తుంది. శూన్యం పెరిగితే లోపలి పొర వెనక్కి లాగుతుంది, దానికి కలిపిన కడ్డీ పాయింట్లు బిగించిన పళ్లేన్ని తిప్పుతుంది. ఐడిలింగ్‌లో ఆ పైపు మొదలయ్యే రంధ్రం, గాలి దారిని తెరిచి మూసే థ్రాటిల్ బిళ్లకు బయటి గాలి వైపు ఉంటుంది కాబట్టి లాగుడు ఉండదు. కాలు చివరిదాకా తొక్కినప్పుడు శూన్యమే ఉండదు కాబట్టి అప్పుడూ ఉండదు. నిలకడగా 50, 60లో వెళ్తున్నప్పుడే పళ్లెం పూర్తిగా తిరిగి ఉంటుంది. మీ బండి రోగం ఎప్పుడు వస్తోందో, పళ్లెం ఎప్పుడు తిరుగుతోందో పక్కపక్కన పెట్టి చూడండి, రెండూ ఒకటే.

పళ్లెం కదిలితే దానితోపాటు కదిలేవి రెండు తీగలు. ఒకటి బయటి టెర్మినల్ నుంచి పాయింట్ల స్ప్రింగ్‌కు వెళ్లేది, రెండోది పళ్లేన్ని డిస్ట్రిబ్యూటర్ ఒంటికి కలిపే ఎర్త్ తీగ. రెండూ జానెడు కూడా ఉండవు. యాభై ఏళ్లలో లక్షలసార్లు వంగి లేచిన తీగలో రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి, పైనున్న తొడుగు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. కంటితో చూసినవాడికి తీగ బాగున్నట్టే ఉంటుంది. అంబాసిడర్లలో ఈ తీగ నా చేత ఎన్ని కార్బురేటర్లు అనవసరంగా విప్పించిందో చెప్పలేను. బండి ఆపగానే శూన్యం పోయి పళ్లెం తన చోటికి వస్తుంది, తెగిన పోగులు మళ్లీ ఆనుకుంటాయి. పది నిమిషాలు ఆగడం వల్ల మేలు జరిగిందని మీరనుకున్నారు గానీ, ఆగిన మరుక్షణమే బయలుదేరినా బండి అలాగే వెళ్లి ఉండేది.

ఏదీ కొనకుండా రుజువు చేసుకోవచ్చు. ఆ వాక్యూమ్ పైపును డిస్ట్రిబ్యూటర్ దగ్గర తీసి, కార్బురేటర్ వైపు కొసకు చిన్న బిరడా పెట్టి హైవే మీదికి వెళ్లండి. పెట్రోలు కొద్దిగా ఎక్కువ తాగుతుంది తప్ప ఇంజన్‌కు హాని లేదు. మిస్సింగ్ రాకపోతే ఇంటికి వచ్చి డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి.

వాంటేజ్ డాక్టర్ (ఆదివారం రాత్రి)

బాబాయి గారూ, పైపు తీసి బిరడా పెట్టి ఏ34 మీద న్యూబరీ వరకు వెళ్లి వచ్చాను. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒక్కసారి కూడా మిస్సింగ్ రాలేదు.

ఇంటికి రాగానే మూత, రోటర్ తీశాను. బండిని టాప్ గేరులో పెట్టి పాయింట్లు మూసుకునేదాకా ముందుకు నెట్టి, ఇగ్నిషన్ ఆపి ఉంచి, కాయిల్ నుంచి వచ్చే తెలుపు-నలుపు తీగను టెర్మినల్ దగ్గర ఊడదీశాను. మల్టీమీటర్ ఒక కొస ఆ టెర్మినల్‌కు, రెండోది ఇంజన్ ఒంటికి పెట్టాను. సగం ఓమ్ కంటే తక్కువ చూపించింది. అప్పుడు వాక్యూమ్ డబ్బాకు ఒక శుభ్రమైన రబ్బరు గొట్టం తగిలించి నోటితో గాలి లాగాను. పళ్లెం మెల్లగా తిరగడం కళ్లారా చూశాను. సగం దూరం తిరిగేసరికి మీటరులో అంకె మూడుకు, పదికి ఎగబాకి, ఆ వెంటనే తెర ఖాళీ అయింది. ఊపిరి వదిలాను, పళ్లెం వెనక్కి వచ్చింది, మీటరు మళ్లీ సున్నా దగ్గరికి చేరింది. నమ్మలేక పదిసార్లు చేశాను.

ఎర్త్ తీగను వేరుగా కొలిస్తే అది బాగానే ఉంది. పాయింట్లకు వెళ్లే తీగను బయటికి తీసి రెండు వేళ్లతో పట్టుకుని సున్నితంగా లాగితే, టెర్మినల్‌కు అంగుళం దూరంలో తొడుగు రబ్బరులా సాగింది. లోపల రాగి ఉన్న తీగ అలా సాగదు. అక్కడ బ్లేడుతో కోసి చూస్తే పోగులన్నీ తెగి, కొసలు నల్లబడి ఉన్నాయి. మూడో నాలుగో మాత్రమే ఇంకా ఒకదానికొకటి తాకుతున్నాయి. నా వృత్తిలో రోగిని అడగకుండానే మందు మార్చడం తప్పని చిన్న డాక్టర్లకు చెబుతూ ఉంటాను. నా బండి విషయంలో నేను చేసింది సరిగ్గా అదే.

బెజవాడ ఆటోనగర్ (సోమవారం)

సంతోషం డాక్టరు గారూ. ఇప్పుడు తీగ వేసేటప్పుడు తొందరపడకండి. ఇంట్లో దొరికే వైరింగ్ ముక్క వేస్తే నెల తిరక్కుండా మళ్లీ తెగుతుంది. సన్నని పోగులు చాలా ఉండి, మెత్తగా వంగే తీగనే దీనికి వాడాలి. టెర్మినల్‌తో కలిసి తయారుగా దొరికితే అదే వేయండి. పళ్లెం పూర్తిగా తిరిగినా లాగుడు పడకుండా చిన్న మెలిక ఉంచండి, ఆ మెలిక పాయింట్లను తెరుస్తూ మధ్యలో తిరిగే కామ్‌కు గానీ రోటర్‌కు గానీ రాసుకోకూడదు.

పాయింట్ల బోల్టు దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. కొత్త తీగ కొస, కండెన్సర్ తీగ కొస రెండూ పాయింట్ల స్ప్రింగ్‌ను తాకాలి గానీ ఆ బోల్టును తాకకూడదు. మధ్యలో ఉండే ప్లాస్టిక్ బుష్ సరిగ్గా కూర్చోకపోతే కరెంటు నేరుగా ఎర్త్‌లోకి పోయి బండి స్టార్టే కాదు. నట్టు బిగించాక పాయింట్ల మధ్య మందపాటి కాగితం పెట్టి మీటరుతో చూడండి, ఎర్త్ చూపకూడదు. ఎర్త్ తీగ కూడా అదే వయసుది కాబట్టి ఇప్పుడే మార్చేయండి. ఆ తరువాత పాయింట్ల సందు 0.38 మిల్లీమీటర్లకు పెట్టుకుని టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) చూసుకోవాలి. సందు మారితే టైమింగ్ కూడా మారుతుంది కాబట్టి ఈ వరుస తప్పకూడదు.

ఎస్‌యూ సేవకుడు (సోమవారం)

డాక్టరు గారూ, మిమ్మల్ని నాలుగు రోజులు పెట్రోలు వైపు తిప్పినందుకు మన్నించండి. ఇగ్నిషన్ సరిపోయాక కార్బురేటర్లను ఇంకోసారి చూసుకోండి, ఎందుకంటే ఆ గ్యారేజీవారు సరిగా వెలగని ఇంజన్‌కు ట్యూనింగ్ చేశారు. ఇంజన్ వేడెక్కాక, పిస్టన్ ఎత్తే చిన్న పిన్నుతో ఒక్కో కార్బురేటర్‌లో పిస్టన్‌ను అర మిల్లీమీటరుకు కొంచెం పైగా లేపండి. ఇంజన్ వేగం కొద్దిగా పెరిగి వెంటనే సర్దుకుంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు. పెరిగి అలాగే ఉండిపోతే చిక్కగా ఉన్నట్టు. ఆగిపోబోతే పలచగా ఉన్నట్టు.

వాంటేజ్ డాక్టర్ (మరుసటి ఆదివారం)

తీగలు రెండూ మార్చాను, సందు, టైమింగ్ సరిచేశాను. పిన్ను పరీక్షలో రెండు కార్బురేటర్లూ చిక్కగా ఉన్నట్టు తేలింది. మిశ్రమాన్ని మార్చే జెట్ నట్టులు కొద్దికొద్దిగా తిప్పుకుంటూ సరిచేశాను. వాక్యూమ్ పైపు తిరిగి తగిలించి ఈ ఉదయం వాంటేజ్ నుంచి ఆక్స్‌ఫర్డ్ చుట్టూ తిరిగి డెబ్బై మైళ్లు వెళ్లి వచ్చాం. సూది 3,300 దగ్గర గీత గీసినట్టు నిలబడింది. తీసిన కండెన్సర్, కాయిల్ రెండూ నూనె గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టాను, అవి బాగానే ఉన్నాయి కదా.

హైదరాబాద్ హెరాల్డ్ (మరుసటి ఆదివారం)

డాక్టరు గారి పరీక్ష చదివి నా హెరాల్డ్ మీద కూడా చేశాను. నోటితో ఎంత లాగినా పళ్లెం తిరిగింది గానీ మీటరులో అంకె కదల్లేదు. మిస్సింగ్‌లో యాక్సిలరేటర్ తొక్కితే నా బండి ఇంకా కుంగిపోతుంది, చోక్ లాగితే తేరుకుంటుంది. అంటే నాది నిజంగా పెట్రోలు సమస్యే. పంపు నుంచి కార్బురేటర్ వరకు ఉన్న పైపును మేనిఫోల్డ్‌కు దూరంగా జరిపి, రేపు మధ్యాహ్నం ఎండలో కొలత సీసా పరీక్ష చేసి, ఫలితాలు వేరే చర్చగా రాస్తాను. ఎస్‌యూ సేవకుడు గారూ, మీరు అక్కడికి తప్పకుండా రావాలి.